జిమ్నీకి రీమ్యాప్ చేయిస్తే బురద మిట్ట ఎక్కుతుందా?

ప్రశ్న: నమస్తే సార్. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. నాన్న వ్యవసాయం చేస్తారు, నేను టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదిన్నర కింద మాన్యువల్ గేర్ల మారుతి జిమ్నీ, ఫోర్-వీల్ డ్రైవ్ బండి, కొన్నాను. మొన్న వానల్లో నేనూ నా ఫ్రెండూ రెండు బండ్లలో మారేడుమిల్లి వైపు వెళ్లాం. వాడిది డీజిల్ థార్, వెనక లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్నది. ఈమధ్యే రీమ్యాప్ కూడా చేయించాడు, అంటే బలం పెరిగేలా ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించాడు. ఒకచోట వాగు దాటాక ఎర్రమట్టి మిట్ట ఎక్కాల్సి వచ్చింది. నేను ఫోర్-హైలో (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే మామూలు అమరిక) రెండో గేరులో పోనిస్తే సగం దూరంలో ఇంజన్ ఆగిపోయింది. ఫోర్-లో (వేగం తగ్గించి బలం పెంచే అమరిక) వేసి మళ్లీ ప్రయత్నిస్తే చక్రాలు గిర్రున తిరిగాయి గానీ బండి కదల్లేదు, ఇంకా దిగబడింది. వాడి థార్ మాత్రం ఒక్క ఊపున ఎక్కేసింది. తర్వాత నన్ను తాడు కట్టి లాగాడు. నీ బండికి పవర్ లేదు, అదే అసలు సమస్య అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఘాట్‌లో నలుగురం ఉన్నాం, పైన క్యారియర్ మీద సామాను. లారీని దాటాలంటే టెన్షన్ పడ్డాను. హైదరాబాద్‌లో ఒక షెడ్డు వాళ్లు రీమ్యాప్, ఎయిర్ ఫిల్టర్, ఫ్రీ-ఫ్లో సైలెన్సర్, థ్రాటిల్ కంట్రోలర్, 235 సైజు టైర్లు అన్నీ కలిపి లక్షా ముప్పై వేలు అన్నారు. డబ్బు సర్దుకున్నాను. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

సమాధానం: డబ్బు ఇంకా ఇవ్వలేదు కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తాను. ఇవ్వకండి. ఆ రోజు మిట్ట మీద మీ బండికి తక్కువైంది ఇంజన్ బలం కాదు. మీ ఉత్తరంలోనే దానికి సాక్ష్యం ఉంది.

మీ బండి రెండుసార్లు ఆగింది. మొదటిసారి ఇంజన్ ఆగిపోయింది. రెండోసారి ఇంజన్ బాగానే తిరిగింది, చక్రాలూ తిరిగాయి, బండి మాత్రం కదల్లేదు. పైకి చూస్తే రెండూ ఒకటే, మిట్ట ఎక్కలేకపోవడం. లోపల జరిగింది మాత్రం వేరువేరు. చక్రం నేలను పట్టుకుని ఉండగా ఇంజన్ ఆగిపోయిందంటే చక్రం దాకా చేరిన బలం చాల్లేదని అర్థం. చక్రం ఉత్తగా తిరుగుతోందంటే బలం చేరింది, మిగిలిపోయింది కూడా, దాన్ని పట్టుకునే నేల లేదని అర్థం. ఈ రెండో పరిస్థితిలో ఇంకో ఇరవై గుర్రాల బలం తెచ్చి పోసినా చక్రం ఇంకాస్త వేగంగా తిరుగుతుంది, గుంట ఇంకాస్త లోతవుతుంది.

మీది వ్యవసాయ కుటుంబం కాబట్టి ఇది మీకు కొత్త సంగతి కాదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ దిగబడితే నాన్నగారు ఇంకా పెద్ద ఇంజన్ కావాలని అడగరు. దమ్ము చక్రాలు బిగిస్తారు. ఒక చక్రం మాత్రమే తిరుగుతుంటే మడమ దగ్గరి డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతారు. దుక్కిలో పట్టు చాలకపోతే వెనక టైర్లలో నీళ్లు నింపి బరువు పెంచుతారు. 45 హెచ్‌పీ ట్రాక్టర్ టన్నుల బరువు లాగుతుంది. మీ జిమ్నీ ఇంజన్ దాదాపు 103 హెచ్‌పీ ఇస్తుంది. బలమే అసలు లెక్క అయితే పొలంలో ట్రాక్టర్ కన్నా మీ బండే ముందుండాలి కదా.

కొంచెం ఓపిక చేసుకుని ఒక లెక్క చూడండి. మీ ఇంజన్ ఇచ్చే గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 134 న్యూటన్ మీటర్లు, అదీ 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. మొదటి గేరు దాన్ని సుమారు 4.4 రెట్లు చేస్తుంది, ఫోర్-లో మరో రెండు రెట్లు, ఇరుసులోని గేర్లు ఇంకో 4.1 రెట్లు. అన్నీ గుణిస్తే 36 రెట్లు. మధ్యలో పళ్ల రాపిడికి పదిహేను శాతం పోయిందనుకున్నా, నేల దగ్గర చక్రాలు నెట్టగలిగే బలం దాదాపు 1,200 కిలోలు. ఇద్దరు మనుషులు, సామానుతో కలిపి మీ బండి బరువు 1,400 కిలోలు అనుకుందాం. ఆ బరువుకు దగ్గరదగ్గరగా తోసే శక్తి, కంపెనీ నుంచి వచ్చిన ఇంజన్‌లోనే ఉంది.

ఇప్పుడు నేల వైపు నుంచి చూద్దాం. వానకు నానిన ఎర్రమట్టిలో, మెత్తటి రోడ్డు టైర్లతో, బండి బరువులో మూడో వంతు పట్టు దొరికితే గొప్పే. అంటే 460, 470 కిలోలు. అంతకు మించి ఎంత బలం పంపినా చక్రం జారుతుంది. ఇంజన్ తన గరిష్ఠ బలంలో సగం ఇచ్చినా 600 కిలోలు. సగమే ఎక్కువైపోతున్న చోట పూర్తిదాన్ని ఇంకా పెంచడానికి లక్ష రూపాయలు ఎందుకు?

మిట్ట సంగతి కూడా కలపండి. 15 డిగ్రీల వాలు మీద 1,400 కిలోల బండిని భూమి 360 కిలోల బలంతో కిందికి లాగుతూ ఉంటుంది. మీకు దొరికిన 470లో అది తీసేస్తే మిగిలింది వంద కిలోల చిల్లర. బురద చక్రాన్ని పట్టి ఆపే బలం దానికన్నా ఎక్కువే ఉండవచ్చు. అందుకే ఆగారు. అంకెలు నేలను బట్టి అటూ ఇటూ అవుతాయి, లెక్క నడిచే దారి మాత్రం మారదు.

ఇక మొదటిసారి ఇంజన్ ఆగిపోయిన సంగతి. అక్కడ చక్రానికి బలం చాల్లేదన్నది నిజమే. కానీ కారణం ఇంజన్ కాదు, మీరు వేసిన గేరు. ఫోర్-హై రెండో గేరులో ఇంజన్ బలం చక్రం దగ్గరికి వచ్చేసరికి 9.4 రెట్లే పెరుగుతుంది. ఫోర్-లో మొదటి గేరులో 36 రెట్లు. అంటే పక్కనున్న చిన్న లివర్ కదిలించి, గేరు మార్చి ఉంటే చక్రం దగ్గర బలం దాదాపు నాలుగింతలయ్యేది. ఏ రీమ్యాప్ అయినా ఈ ఇంజన్‌కు ఇచ్చేది వందకు ఐదు నుంచి ఎనిమిది. మీ బండి కొన్నప్పుడే వచ్చిన లివర్ ఇచ్చేది వందకు మూడు వందలు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ జీపు ఇంజన్ 60 హెచ్‌పీ. అది వెళ్లని బురద లేదు. దాన్ని నడిపించింది నాలుగు చక్రాలకూ చేరిన బలం, ఆ తక్కువ గేరు, బండి తేలికదనం. మీ బండి ఆ వంశంలోదే.

మీ ఫ్రెండ్ బండి ఎందుకు ఎక్కిందో కూడా మీరే రాశారు. వెనక లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది. మామూలు డిఫరెన్షియల్ ఒక ఇరుసు మీద రెండు చక్రాలకూ సమానమైన బలమే పంచుతుంది. ఒకటి బురదలో ఉత్తగా తిరిగితే దానికి ఎంత తక్కువ బలం చాలుతుందో, గట్టినేల మీదున్న రెండో చక్రానికీ అంతే చేరుతుంది. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి జారిపడితే రెండోది ఎంత బలమైనదైనా బండి కదలదు కదా, అదే పరిస్థితి. థార్‌లోని లాకర్, రెండు చక్రాల వేగంలో తేడా ఒక హద్దు దాటగానే రెండింటినీ కట్టేసినట్టు కలిపేస్తుంది. అప్పుడు గట్టినేల మీదున్న చక్రం బండిని లాక్కుపోతుంది. పైగా థార్‌లో పై రకానికి కంపెనీ నుంచే ఆల్-టెరెయిన్ (మట్టికీ రోడ్డుకూ పనికొచ్చే) టైర్లు వస్తాయి. ఆ రోజు వాడు రీమ్యాప్ లేకుండా వెళ్లినా ఎక్కేవాడనే నా నమ్మకం. వాడి మాటలో అబద్ధమేమీ లేదు, రీమ్యాప్ చేయించిన సంతోషంలో కారణం అక్కడ కనిపించింది, అంతే.

మీ బండిలో లాకర్ లేకపోయినా దానికి బదులుగా ఒక ఏర్పాటు ఉంది. ఉత్తగా తిరుగుతున్న చక్రానికి మాత్రమే కంప్యూటర్ బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకును ఎదిరించడానికి ఇంజన్ పంపే బలం, సమానంగా పంచే పద్ధతి వల్ల, రెండో చక్రానికి కూడా వెళ్తుంది. ఇది పనిచేయాలంటే చక్రం కాసేపు తిరగనివ్వాలి, యాక్సిలరేటర్ మీద కాలు నిలకడగా ఉంచాలి. చాలామంది చక్రం తిరగ్గానే భయపడి కాలు తీసేస్తారు, లేదంటే ఒక్కసారిగా పూర్తిగా తొక్కేస్తారు. రెండూ తప్పే. 2,000 ఆర్‌పీఎం దగ్గర కాలు అలాగే ఆనించి, రెండు మూడు సెకన్లు ఓపిక పట్టండి. టకటకమని బ్రేకు కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది, బండి మెల్లగా కదులుతుంది. అప్పటికీ కదలకపోతే వెంటనే ఆపేయండి. ఆ తర్వాత తొక్కే ప్రతి సెకనూ గొయ్యి తవ్వడమే.

షెడ్డు వాళ్లు చెప్పిన జాబితాలో ఒక్కోదాని గురించి నా అభిప్రాయం ఇది.

మీది టర్బో లేని పెట్రోల్ ఇంజన్. గాలిని తనంతట తనే పీల్చుకుంటుంది, ఎవరూ తోసి నింపరు. అందుకే కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి రాబట్టగలిగేది చాలా తక్కువ. ఆ వచ్చే ఐదారు హెచ్‌పీ కూడా 5,000 దాటాక, 6,000 దగ్గర కనిపిస్తుంది. ఫోర్-లో మొదటి గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర మీ బండి గంటకు 5.4 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, మనిషి చురుగ్గా నడిచే వేగం. రాళ్ల మీద, వాగుల్లో మీరు వెళ్లాల్సిన వేగం అదే. అదే గేరులో 6,000కి చేరాలంటే 21 కిలోమీటర్లు దాటాలి. బండరాళ్ల మధ్య ఆ వేగంతో వెళితే ముందు విరిగేది రిమ్ము, తర్వాత స్టీరింగ్ రాడ్డు. మీరు డబ్బు పెట్టి కొనే బలం, మీరు అడవిలో ఎప్పుడూ చేరని చోట ఉంటుంది.

డీజిల్ థార్ విషయం వేరు. అందులో 2.2 లీటర్ల టర్బో ఇంజన్, 130 బీహెచ్‌పీ, 300 న్యూటన్ మీటర్లు. టర్బో పంపే గాలి ఒత్తిడినీ, దానికి తగ్గ డీజిల్‌నూ పెంచితే 20 శాతం దాకా టార్క్ పెరగడం మామూలే, పైగా అది కింది ఆర్‌పీఎంలోనే దొరుకుతుంది. అందుకే డీజిల్ బండ్లవాళ్లు రీమ్యాప్ తర్వాత అంత సంబరంగా మాట్లాడతారు. వాళ్లు చెప్పేది నిజం, కానీ అది మీ ఇంజన్‌కు వర్తించదు. ఆ పెరిగిన టార్క్‌కు తగ్గ క్లచ్, దాని వేడిని తట్టుకునే కూలింగ్, పొగ ఫిల్టర్ ఆరోగ్యం కూడా చూసుకోవాలి. మీ ఫ్రెండ్‌కు ఈ మాట చెప్పండి.

థ్రాటిల్ కంట్రోలర్ ఇంజన్‌కు ఒక్క హెచ్‌పీ కూడా కలపదు. మీరు పెడల్ సగం తొక్కితే ముప్పావు తొక్కినట్టు ఇంజన్‌కు చెబుతుంది, అంతే. రోడ్డు మీద బండి చురుకైనట్టు అనిపిస్తుంది. ఆఫ్‌రోడ్‌లో మాత్రం ఇది నేరుగా నష్టం. రాయి మీద ఒక అంగుళం కదలాల్సిన చోట మీ కాలి చిన్న కుదుపుకే బండి ఎగిరి దూకుతుంది. బురదలో నిలకడగా కాలు ఆనించమన్నానే, దానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. జాబితా మొత్తంలో నేను గట్టిగా వద్దనేది ఇదే.

నూనె పూసిన ఎయిర్ ఫిల్టర్లు గాలిని కొంచెం సులువుగా వదులుతాయి, దాంతో పాటు సన్నటి దుమ్మునూ వదలొచ్చు. ఎండాకాలం ముందరి బండి వెనకే ఎర్రదుమ్ములో గంటలు గంటలు వెళ్లేవాళ్లకు ఆ దుమ్ము సిలిండర్లను అరగదీస్తుంది. కంపెనీ కాగితం ఫిల్టరే ఉంచండి, దుమ్ము ప్రయాణం తర్వాత తీసి చూడండి, నల్లబడితే మార్చండి. మూసుకుపోయిన ఫిల్టర్ మార్చడమే చాలా బండ్లకు అసలైన పవర్ అప్‌గ్రేడ్.

సైలెన్సర్ గురించి నా అనుభవమే చెబుతాను. చాలా ఏళ్ల కింద నా పాత జిప్సీకి ఒక షెడ్డులో ఫ్రీ-ఫ్లో సైలెన్సర్ వేయించాను. పైన 5,000 దగ్గర బండి బాగా లాగింది, చప్పుడు కూడా నచ్చింది. కానీ కింద, 1,500 దగ్గర, ఉన్న పుల్లింగ్ పోయింది. రాళ్లెక్కాలంటే క్లచ్ సగం నొక్కి రేజ్ చేయక తప్పేది కాదు. ఆ వానాకాలం అయ్యేలోపే క్లచ్ ప్లేటు మాడిపోయింది. అడవి మధ్యలో రెండు రాత్రులు ఉండిపోయాను, పిల్లవాడికి జ్వరమని ఇంటి నుంచి ఫోన్ వస్తే కూడా వెంటనే వెళ్లలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

235 టైర్ల సంగతి వింతగా ఉంది. మీ బండికి వచ్చిన 195/80 ఆర్15 టైరు ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 వేస్తే 733. చక్రం ఎత్తు దాదాపు 6 శాతం పెరిగితే ప్రతి గేరులో నెట్టే బలం 6 శాతం తగ్గుతుంది. టైరు, రిమ్ము బరువు కూడా పెరుగుతాయి కాబట్టి ఇంకొంచెం. రీమ్యాప్‌తో కష్టపడి తెచ్చిందంతా టైరు మింగేస్తుంది. ఒకే బిల్లులో రెండూ రాసిన వాళ్లు ఈ లెక్క మీకు చెప్పాల్సింది. స్పీడోమీటర్ కూడా అసలు వేగం కన్నా తక్కువ చూపే వైపు జరుగుతుంది.

అలాగని టైర్లు మార్చొద్దని కాదు. డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు అదే. 215/75 ఆర్15 సైజులో మంచి ఆల్-టెరెయిన్ టైర్లు నాలుగు తీసుకోండి, వీలైతే స్టెప్నీ కూడా. ఎత్తు పెరిగేది ఒకటిన్నర శాతమే, గేర్ల మీద భారం దాదాపు ఉండదు. రోడ్డు టైరు గాడులు బురదలో రెండు చుట్లకే నిండిపోయి నున్నటి బంతిలా మారతాయి. ఆల్-టెరెయిన్ టైరు బ్లాకుల మధ్య ఖాళీ ఎక్కువ, చక్రం తిరిగే కొద్దీ మట్టిని విదిలిస్తుంది. ఆ రోజు మీకు దొరికిన పట్టు కన్నా ఇది కచ్చితంగా ఎక్కువ ఇస్తుంది.

టైర్ల కన్నా ముందు, ఈ వారమే చేయగలిగింది గాలి తగ్గించడం. బురద, రాళ్ల దారి మొదలయ్యే చోట ఆగి నాలుగు టైర్లలో గాలి 18 పీఎస్ఐ వరకు దించండి. టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, చిన్న చిన్న రాళ్లకు అతుక్కుంటుంది, మెత్తని నేలలో తక్కువ దిగబడుతుంది. ప్రెషర్ చూసే గేజీ, సిగరెట్ లైటర్ సాకెట్‌కు కాకుండా నేరుగా బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్, ఈ రెండూ కొన్ని వేల రూపాయల్లో వస్తాయి. గాలి తగ్గించి ఉన్నంతసేపు 30 కిలోమీటర్లు దాటొద్దు, మలుపులో గట్టిగా తిప్పొద్దు, టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. మనవాళ్లలో వందమంది ఆఫ్‌రోడ్ బండి కొంటే పదిమంది కూడా గాలి దించడం నేను చూడలేదు. లక్షలు పోసి ఇంజన్ మార్చేవాళ్లు మాత్రం కనిపిస్తూనే ఉంటారు.

ఆ తర్వాత కూడా మీకు ఇలాంటి దారులే ఇష్టమైతే, రెండు మూడు సీజన్లు నడిపి చేయి తిరిగాక, వెనక ఇరుసుకు లాకర్ గురించి ఆలోచించండి. అది నిజంగా మీ బండిని మార్చేస్తుంది. ఇంకా కఠినమైన రాళ్ల దారుల కోసం ఫోర్-లో నిష్పత్తిని ఇంకా తగ్గించే గేర్లు కూడా దొరుకుతాయి. ఇంజన్‌ను ముట్టుకోకుండానే చక్రం దగ్గర బలం పెంచే దారి అది. కానీ అవన్నీ ఇప్పుడు వద్దు.

బలం పెంచితే నిజంగా ఉపయోగం ఉండే చోట్లు లేవా అంటే, ఉన్నాయి. ఇసుక వాటిలో మొదటిది. జైసల్మేర్ దిబ్బల్లో బండి ఊపు పోతే దిగబడిపోతుంది, ఇసుక చక్రాన్ని నిరంతరం వెనక్కి లాగుతుంది, వేగంగా తిప్పుతూనే ఉండాలి. అక్కడ పది హెచ్‌పీ ఎక్కువున్నా తేడా తెలుస్తుంది. ఇది చదివి మన తీరంలో ఇసుక మీద ప్రయత్నించకండి. చలికాలం నుంచి ఎండాకాలం మొదలయ్యే దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడే గుడ్లు పెడతాయి. మరొకటి ఎత్తు. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు పదో వంతు బలం పోగొట్టుకుంటుంది. లంబసింగి, అరకు ఎత్తుల్లో అది పదో వంతే, పట్టించుకోనక్కర్లేదు. లదాఖ్‌లో 5,000 మీటర్ల పైన దాదాపు సగం పోతుంది. 2007లో చిలీ దేశంలోని ఓహోస్ దెల్ సలాదో అగ్నిపర్వతం మీద 6,688 మీటర్ల దాకా ఎక్కి రికార్డు సాధించిన బండి మీ జిమ్నీకి పాత తరం బంధువే, ఒక చిన్న సుజుకీ. దాని ఇంజన్‌కు సూపర్‌చార్జర్ (గాలిని తోసి నింపే యంత్రం) బిగించారు, ఎందుకంటే అక్కడ పీల్చడానికి గాలే లేదు. ఇంజన్‌కు బలం ఎందుకు పెంచారో కారణం స్పష్టంగా ఉంది. గోవాలో వానల్లో జరిగే రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ లాంటి పోటీల్లో పెద్ద ఇంజన్లు కనిపిస్తాయి. అక్కడ మడ్ టైర్లలో ఇరుక్కున్న మట్టి విదిలేలా చక్రాన్ని చాలా వేగంగా తిప్పాలి. కానీ ఆ బండ్లకు లాకర్లు, వించ్‌లు (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రాలు), బలమైన ఇరుసులు ముందే ఉంటాయి.

బలమైన ఇరుసులు అన్నాను, ఆ మాట తేలిగ్గా తీసుకోకండి. బురదలో వేగంగా తిరుగుతున్న చక్రం హఠాత్తుగా ఒక రాయిని పట్టుకుంటే ఆ దెబ్బ మొత్తం సీవీ జాయింట్ (చక్రం పక్కకు తిరిగినా బలం అందించే కీలు) మీద, ఇరుసు షాఫ్ట్ మీద పడుతుంది. బలం పెరిగేకొద్దీ దెబ్బ పెరుగుతుంది. మారేడుమిల్లి అడవిలో ముందు షాఫ్ట్ విరిగితే సిగ్నల్ దొరికే చోటికి నడవాలి.

ఇప్పుడు ఘాట్‌లో లారీ సంగతి. ఇక్కడ మీ ఫిర్యాదు న్యాయమైనది. జిమ్నీ తారు రోడ్డు మీద నిండా మనుషులతో ఉన్నప్పుడు కాస్త బరువుగానే కదులుతుంది. కానీ ఇక్కడ కూడా ముందు చూడాల్సింది ఇంజన్ కాదు. నలుగురు మనుషులు, పైన క్యారియర్, దాని మీద సామాను. 1,500 కిలోల బండి నుంచి వంద కిలోలు దించితే దాదాపు 7 శాతం తేలికవుతుంది. రీమ్యాప్ ఇచ్చే దానికి అది సమానం, పైసా ఖర్చు లేదు. క్యారియర్ తీసేస్తే గాలి అడ్డు కూడా తగ్గుతుంది, మలుపుల్లో బండి ఒరగడం తగ్గుతుంది. పైన పెట్టిన బరువు ఈ బండికి అస్సలు మంచిది కాదు.

రెండోది గేరు. ఈ ఇంజన్ టార్క్ 4,000 దగ్గర ఉందని పైన రాశాను. డీజిల్ అలవాటున్నవాళ్లు 2,500 దగ్గరే పై గేరు వేసేస్తారు, ఆ తర్వాత పుల్లింగ్ లేదంటారు. లారీని దాటేముందే మూడో గేరుకు, అవసరమైతే రెండో గేరుకు దించి, 3,500 దాటనిచ్చి అప్పుడు బయటికి రండి. ఇంజన్ అరుస్తుంది, అరవనివ్వండి, అది అందుకోసమే తయారైంది. ముందు దారి కనిపించకపోతే మాత్రం ఎంత బలమున్నా దాటకండి. తారు మీద టూ-హైలోనే, అంటే వెనక రెండు చక్రాలకే బలం వెళ్లేలా, ఉంచండి. పొడి రోడ్డు మీద ఫోర్-వీల్ వేస్తే ముందు వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడుతూ గేర్లు బిగుసుకుపోతాయి. అప్పుడు కూడా బండికి పవర్ లేదనిపిస్తుంది.

పుల్లింగ్ నిజంగానే తగ్గిందని అనుమానం ఉంటే ఒకసారి సర్వీసుకు ఇచ్చి బ్రేకులు పట్టేస్తున్నాయా, క్లచ్ జారుతోందా, ప్లగ్గులు ఎలా ఉన్నాయి అని చూపించండి. వాగులు దాటిన బండికి బ్రేకు కాలిపర్లలో మట్టి చేరి అరకొరగా పట్టుకుని ఉండటం నేను చాలా చూశాను.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో యజమాని చేసిన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. చప్పుడు సైలెన్సర్‌ను పోలీసులు ముందు పట్టుకుంటారు. మీ బండి ఇంకా వారంటీలో ఉంది. ఇంజన్ ప్రోగ్రాం మార్చాక ఇంజన్‌కు ఏమైనా జరిగితే ఆ ఖర్చు మీ మీదే పడే ప్రమాదం ఉంది. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో కూడా ఇదొకటి.

ఇవన్నీ విన్నాక కూడా ఎప్పుడైనా ఎవరిదగ్గరైనా రీమ్యాప్ చేయించాలనిపిస్తే ఒక్కటి అడగండి. ముందు, తర్వాత డైనో (ఇంజన్ బలం కొలిచే యంత్రం) మీద తీసిన గీతలు చూపించమనండి. కాగితం మీద పెద్దగా రాసిన గరిష్ఠ అంకె చూడకండి. 1,500 నుంచి 3,000 మధ్య రెండు గీతల మధ్య ఎంత తేడా ఉందో వేలు పెట్టి చూపించమనండి. గీతలు అక్కడ కలిసిపోయి ఉంటే మీకు పనికొచ్చేది ఏమీ లేదు.

చివరగా ఒక ప్రశ్న నన్ను ఇబ్బంది పెడుతోంది. ఆ రోజు తాడు ఎక్కడ కట్టారు? బంపర్‌కో, వెనక ట్రైలర్ తగిలించే బంతికో కట్టి లాగితే అది ఊడి గుండులా వచ్చి మనిషిని తాకుతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. బండి కింద ఫ్రేముకు బిగించి ఉన్న హుక్కులకే కట్టండి. సాగే గుణమున్న రికవరీ తాడు, సరైన షాకిల్స్ (తాడును హుక్కుకు తగిలించే కొండీలు) కొనండి, లాగేటప్పుడు తాడు పొడవుకు రెట్టింపు దూరంలో అందర్నీ నిలబెట్టండి. షెడ్డుకు ఇవ్వాలనుకున్న డబ్బులో టైర్లు, కంప్రెసర్, ఈ సామాను అన్నీ వచ్చేస్తాయి, ఇంకా మిగులుతుంది.

మళ్లీ ఆ మిట్ట దగ్గరికి వెళ్లినప్పుడు ముందు దిగి నడిచి చూడండి, ఎక్కడ గట్టినేల ఉందో కాలికి తెలుస్తుంది. గాలి దించండి, వాగులో దిగకముందే ఫోర్-లో వేయండి, రెండో గేరులో ఒకే ఊపుతో మొదలుపెట్టి కాలు నిలకడగా ఉంచండి. ఎక్కినా ఎక్కకపోయినా, తిరిగి వచ్చేటప్పుడు తారు రోడ్డు ఎక్కగానే బండి ఆపి నాలుగు టైర్లలోనూ గాలి నింపండి. ఎంత ఆలస్యమైనా సరే, నింపకుండా ఘాట్ ఎక్కొద్దు.